మార్పు చేపకు మీసం జామీను

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెప్తాను. కూరలో ఉప్పు కాస్త ఎక్కువ వేసే రకం కాదు నాది, ఉప్పుబస్తాలోనే కూర వండే రకం. "ఇంటికి ఊరంతా వస్తోంది" అని ఫోన్ చేస్తే మా ఆవిడ ఇద్దరికి సరిపడా టీ పెడుతుంది. "ఎండలో పొద్దంతా తిరిగాను" అంటే ఆఫీసులో వాళ్లు "వీధి చివర దాకా పోయొచ్చాడు" అని అర్థం చేసుకునేవాళ్లు. చేపల శాఖలో పనిచేసేవాడు చేప పొడవు చెప్పేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టించుకోవాలని మా డ్రైవరు అంటుండేవాడు. అది లోకం గురించి అన్న మాట అనుకుని చాలాకాలం నవ్వాను. నా గురించేనని ఆలస్యంగా తెలిసింది.

యాభై దాటాక మోకాళ్లు మొరాయిస్తే ఉద్యోగానికి ముందుగానే దండం పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒక్కటి చెప్పండి" అని అడుగుతుంటారు. అడిగింది ఒక్కటే కాబట్టి ఇదిగో ఇదే చెప్తున్నాను. ఇందులో పెంచినవి బోలెడు. కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర్లో నేనే చెప్తాను. అందాకా ప్రతి వాక్యాన్నీ అనుమానిస్తూ చదవండి, ఆరోగ్యానికి మంచిది.

చేప కన్నా ముందు నా మీసం గురించి చెప్పాలి, దానితో పని పడుతుంది. ఆ రోజుల్లో నాకు పెద్ద మీసం ఉండేది. సూర్యాపేట బస్టాండులో బస్సు ఆగితే ముందు మీసం దిగేది, వెనక నేను దిగేవాణ్ని. గాలి ఎదురు వీచినప్పుడు సైకిల్ తొక్కడం కష్టమయ్యేది. సరే, మీసం అక్కడ ఉండనిద్దాం.

మా ఆఫీసుకు కొత్త మేడం వచ్చింది. నాకంటే చాలా చిన్న. కోదాడ మనిషి కావడంతో ఆమె మాటల్లో ఆంధ్ర గాలి తగులుతుండేది. అటెండరు దగ్గర్నుంచి అందరినీ "అండీ" అనేది. మొదటిరోజు "డ్రైవరు గారండీ" అని పిలిస్తే మా డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. అతనికి రెండే విద్యలు వచ్చు. ఒకటి జీపు నడపడం, రెండోది చేపలు తినడం. రెంటిలో ఏది బాగా చేసేవాడో జీపులో ఎక్కినవాళ్లకు తెలుసు.

వచ్చిన వారంలోనే మేడం నన్ను అడిగింది. "ఏమండీ, మన వాగుల్లో దేశవాళీ మార్పు చేప ఉందా?"

"ఉంది మేడం, బుట్టల కొద్దీ" అన్నాను.

"మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?"

ఆలోచించాను. నా పెళ్లికి ముందు. ఆ మాట చెప్తే బుట్టలు ఖాళీ అయిపోతాయని దగ్గాను. మేడం నవ్వింది. నా కొలత ఆమెకు ఆ రోజే దొరికింది.

మార్పు చేపను మీలో చాలామంది చూసి ఉండరు. పొలుసులు ఉండవు, నల్లగా నున్నగా ఉంటుంది, మూతి చుట్టూ ఎనిమిది మీసాలు. నా రెండింటికి జనం దారిచ్చేవాళ్లంటే ఎనిమిదింటి దర్జా ఎంతో ఊహించండి. దానికి నీళ్లలో మునిగే ఉండాలన్న పట్టింపు లేదు, పైకి తేలి గాలి మింగుతుంది. వాగు ఎండితే బురదలో దూరి కూర్చుంటుంది. వాన పడితే బయటికొచ్చి, రెక్కల దగ్గరున్న ముళ్లను మోచేతుల్లా ఆనించుకుంటూ నేల మీద నడిచి పక్క మడికి పోతుంది. ఇది నేను పెంచి చెప్తున్నది కాదు. దేవుడే పెంచాడు.

అలాంటి మొండిదాన్ని కూడా మనం ఖతం చేశాం. వాగులో ఇసుక ఎత్తుకుపోయాం. ఇసుక పోయాక నీళ్లు నిలవడం మానేశాయి. మే నెలలో మన పాలేరు వాగులో నీళ్లు వెతకడమంటే బట్టతలకు పాపిడి తీయడమే. అక్కడక్కడ నిలిచిన మడుగుల్లోకి పొలాల మీద కొట్టిన మందు దిగింది. అది చాలదన్నట్టు, పెంచకూడదని సర్కారు నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా గుంటల్లో పెంచారు. వానకు అవి తప్పించుకుని వాగుల్లో పడి, మనవాటి గుడ్లూ పిల్లలూ తినేశాయి. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి, మీసాలతో సహా.

మిర్యాలగూడ శివారులో రైసుమిల్లుల వెనక మా శాఖకు పాడుపడ్డ మట్టి గుంటలు కొన్ని ఉన్నాయి. దేశవాళీ మార్పును అక్కడ పెంచి తిరిగి వాగుల్లో వదలాలని మేడం పట్టుబట్టి వాటిని బాగు చేయించింది. పైవాళ్లు సరేనంటూనే మెలిక పెట్టారు. వానలు మొదలయ్యేసరికి తల్లిచేపలు, తండ్రిచేపలు గుంటల్లో ఉండాలి. లేకపోతే అక్కడ మామూలు రవ్వ, బొచ్చె పిల్లలను పెంచేస్తారు. మేడం అసలైన పెళ్లిళ్ల పేరమ్మ అయింది. మంటపం సిద్ధం, వధూవరులే లేరు.

వెతకడం మొదలుపెట్టాం. ఒకరోజు కోదాడ చేపల మార్కెట్ నుంచి డ్రైవరు ఫోన్.

"అన్నా, దొరికినయ్! బుట్ట నిండ ఉన్నయ్! మేడంకు సెప్పు, మిఠాయి తెమ్మను!"

ఉరికాం. మేడం ఒక చేపను తడిగుడ్డతో పట్టుకుని తల వెనక బొటనవేలితో తడిమి చూసింది. అక్కడ ఎముక అంచు మన చేపకు ఒక మొనగా ఉంటుంది, పరాయిదానికి అలలా వంకర్లు తిరిగి ఉంటుంది.

"ఇవి ఆఫ్రికావండీ."

"అంత దూరం నుంచి వచ్చినయా?" అన్నాడు డ్రైవరు. అతని గొంతులో గౌరవం వినిపించింది. "పాపం, ఇన్ని తిప్పలు పడి వచ్చినయ్, తిందామా మేడం?"

నెల తిరిగాం. నా లెక్కలో అయితే ఏడాది. చివరికి అనంతగిరి అవతల పాలేరు ఒడ్డునున్న ఒక ఊళ్లో చేపల సంఘం పెద్దమనిషి చల్లటి కబురు చెప్పాడు.

"మా మడుగుల ఉన్నయ్ సారూ. ఎండకాలం బురదల పంటయ్. మిరుగం నాడు మడుగుల దిగుతం గద, అప్పుడు ఇన్ని దొరుకుతయ్."

"దొరికితే ఏం చేస్తరు?"

నా వైపు జాలిగా చూశాడు. "ఏం జేస్తం సారూ? పులుసు."

మిరుగమంటే మృగశిర కార్తె వచ్చే రోజు. మా వైపు ఆ రోజు చేప తినాల్సిందే. తింటే వానాకాలమంతా దగ్గులూ, దమ్ము అనే ఆయాసాలూ దగ్గరికి రావని నమ్మకం. ఏడాది పొడుగునా చేప వాసనకు ముక్కు మూసుకునేవాళ్లు కూడా ఆ పొద్దున మార్కెట్లో ముక్కు తెరుచుకుని నిలబడతారు. ఈ ఊరికి ఇంకో ఆచారం ఉంది. మిరుగం పొద్దున ఊరు మొత్తం ఆ మడుగులోకి దిగుతుంది. వలలు, బుట్టలు, పాత చీరలు, ఏది దొరికితే అది పట్టుకుని. ఎవరికి చిక్కింది వాళ్లకే. అలా దిగాక మడుగులో మిగిలేది బురద ఒక్కటే. మిరుగం ఇంకో వారం ఉందనగా మాకు ఈ సంగతి తెలిసింది.

"ఈ ఒక్క ఏడు ఆపితే ఏంది పెద్దమనిషీ?" అన్నాను.

"మిరుగాన్ని ఆపుమంటవా? వానదేవునితోని గాలే. నువ్వు ఏ ఆఫీసు నుంచి వచ్చినవ్ సారూ?"

మేడం అందుకుంది. "ఆపొద్దండీ. అందరూ దిగండి. మార్పు చిక్కితే మాత్రం చంపకుండా మాకివ్వండి. దానికి ఎంత తూకం ఉంటే అంత తూకం కొర్రమట్ట ఇస్తాం."

కొర్రమట్ట అంటే మా చేపల్లో జమీందారు, అంత ఖరీదు. పెద్దమనిషి ముఖం వెలిగిపోయింది. బేరం కుదిరింది. తిరుగుదారిలో మేడం తెలివిని నేను ఎంతగా పొగిడానంటే, నడిగూడెం వచ్చేసరికి ఆ ఆలోచన నాదేనేమోనని నాకే అనుమానం కలిగింది.

మేం మరిచిపోయింది ఒక్కటే, వాట్సాప్. పెంచి చెప్పడంలో నాకు పోటీ లేరనుకునేవాణ్ని. ఆ వారంలో గురువును చూశాను. ఆ ఊరి గ్రూపులో బయల్దేరిన "మార్పుకు కొర్రమట్ట" అనే మాట చిలుకూరు చేరేసరికి "ఒక మార్పుకు రెండు కొర్రమట్టలు" అయింది. కోదాడలో ఒక మార్పు ఇస్తే మేకపోతు ఇస్తున్నారట. సూర్యాపేటలో మా ఇంటి పక్కాయన రహస్యంగా నా చెవిలో అడిగాడు. "మార్పు తెస్తే సర్కారు కొలువు ఇస్తున్నరంట గద, నిజమేనా?"

మిరుగం పొద్దున మేం జీపులో నీళ్ల డ్రమ్ములు, కొర్రమట్టలు వేసుకుని వెళ్లేసరికి మడుగు దగ్గర జాతర. నా కళ్లకు లక్షమంది కనిపించారు. మీరు మీకు తోచినంత తగ్గించుకోండి. ఊరివాళ్లు మడుగులో ఉన్నారు. ఒడ్డున చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఎప్పుడూ ఆ వాగు ముఖం చూడనివాళ్లు, బకెట్లతో వరస కట్టి ఉన్నారు. ప్రతి బకెట్లోనూ మీసాలు.

మేడం, నేను, డ్రైవరు మూడు చోట్ల కూర్చుని బొటనవేళ్లతో తలలు తడిమాం. ఆఫ్రికా, ఆఫ్రికా, ఆఫ్రికా.

"పెద్దాయనా, ఇది ఏ మడుగుది?" ఒకాయన్ని అడిగాను.

"గీ మడుగుదే సారూ, ఇప్పుడే పట్టిన."

"దీనికి ఐసుముక్క అంటుకుని ఉంది గద!"

ఆయన తొణకలేదు. "మడుగు నీళ్లు సల్లగుంటయ్ సారూ. సెయ్యి పెట్టి సూడు."

ఇంకొకామె తెచ్చినదాన్ని చూసి డ్రైవరు "అక్కా, ఇది మార్పు గాదు, మూడు నెల్ల కింద సచ్చింది" అన్నాడు. "సచ్చినంక గూడ మీసాలున్నయ్ గద, తీస్కోండ్రి" అంది ఆమె.

ఆ పరాయి చేపల్లో బతికున్నది ఒక్కటి వాగులో పడ్డా మా పని బూడిదలో పోసిన పన్నీరే. తెచ్చినవాళ్ల చేతే ఒడ్డున కోయించాం. కొర్రమట్ట కోసం వచ్చినవాళ్లంతా ఆఫ్రికా పులుసుతో మిరుగం చేసుకున్నారు, నన్ను తిట్టుకుంటూ. అయినా మధ్యాహ్నానికి ఊరివాళ్ల బుట్టల్లోంచి మాకు నిజమైన మార్పులు చిక్కాయి. తొమ్మిది. బొటనవేలికి ఆ ఒక్క మొన తగిలినప్పుడల్లా మేడం చిన్నపిల్లలా "ఇదేనండీ!" అని కేక పెట్టేది.

తర్వాత వాటి పొట్ట కింద చూసింది. ఒకటి చూసింది, రెండోది చూసింది, అన్నీ చూసింది. ముఖంలో నవ్వు వెళ్లిపోయింది.

"అన్నీ ఆడవేనండీ."

మడుగు వైపు చూశాం. ఊరు బయటికొచ్చేసింది. బురద బుడబుడలు పోతోంది. ఒక్క మగది లేకపోతే ఆ తొమ్మిదీ గుంటల్లో ముసలివై పోతాయి, అంతే.

"మా ఇంట్ల ఒకటి ఉంది" అన్నాడు పెద్దమనిషి, తల గోక్కుంటూ. "పొద్దుగాల్ల మొదలు నాకే సిక్కింది. మా ఇంటిది ఎత్తుకపోయింది."

"ఇంటికెందుకు పోనిచ్చినవయ్యా!"

"సారూ, నువ్వు మా ఇంటిదాన్ని సూడలే."

పరుగెత్తాం. చూశాను. పెరట్లో బండ ముందు కత్తిపీట మీద కూర్చుని, చేప జారకుండా చేతులకు బూడిద రాసుకుంటోంది. పక్కన గంజులో, అంటే నీళ్లు పోసిన పెద్ద గిన్నెలో, ఎనిమిది మీసాలు ఊగుతున్నాయి. ఆ చేప పొడవు... వద్దులెండి, చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"అక్కా, జర ఆగు!" అని అరిచాను.

"ఏంది సారూ, ఇల్లు గాలుతున్నదా?"

"గా శాప మాకియ్యి. పెద్ద కొర్రమట్ట ఇస్తం."

"కొర్రమట్ట ఎవలికి గావాలె? మా అత్తకు దమ్ము. మిరుగం నాడు మార్పు పులుసు తాగిస్తెనే వానకాలం ఎల్లదీస్తది."

మేడం గంజు దగ్గర కూలబడి చేపను తిప్పి పొట్ట కింద చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మా, ఇదొక్కటే మగది. ఇది లేకపోతే ఆ తొమ్మిదీ ఎందుకూ పనికిరావు."

ఇంటావిడ మొగుడి వైపు ఓరగా చూసింది. "ఈయన గూడ రోజు గిదే మాట అంటడమ్మా. ఆయన లేకపోతే ఊరే నడవదంట."

పెద్దమనిషి కోళ్లగూడు ఎలా కట్టారో పరీక్షించడం మొదలుపెట్టాడు.

"తీస్కపోయి ఏం జేస్తరు?" అడిగింది.

"పిల్లలు పెట్టిస్తం అక్కా."

"పిల్లలు ఎవలకు? మిర్యాలగూడల పెంచి పట్నమోళ్లకు అమ్ముకుంటరు. పోయినపాలి గిట్లనే సదువుకున్నోళ్లు వచ్చి వాగొడ్డుకు మొక్కలు పెట్టిన్రు. ఫోటో దిగిన్రు, పోయిన్రు. మొక్కలు సచ్చినయ్. కనీసం ఫోటోనన్న పంపలే."

"అట్ల గాదు అక్కా. పిల్లలు గీ మడుగులకే వస్తయ్."

"జామీను ఏంది?"

నా దగ్గర ఏముంది? జేబులో బస్సు టికెట్టు ఉంది. ఆమె చూపు నా ముఖం మీద ఆగింది.

"గా మీసం పెట్టు. వచ్చే మిరుగం దాంక పిల్లలు గీ మడుగులకు రాకపోతే, మంగలిని పిలిపించి ఊరందరి ముంగట గొరిగిస్త."

నేను మీసం మీద చెయ్యేసి ఒట్టు పెట్టాను. అప్పుడు అరుగు మీద మంచంలోంచి సన్నటి గొంతు వినిపించింది. అత్త. "ఇచ్చెయ్యే కోడలా. ఇన్నేండ్ల సంది తాగుతున్న. గా పులుసుతోనే పోయే దమ్మైతే ఎప్పుడో పోకపోవునా? నాకు కొర్రమట్ట వండు. దాని రుసి సూడక శాన రోజులైంది."

అలా పెళ్లికొడుకు మా డ్రమ్ములోకి వచ్చాడు. మిర్యాలగూడ దాకా డ్రైవరు జీపును ఎంత నెమ్మదిగా నడిపాడంటే, ఎడ్లబండ్లు హారన్ కొట్టి మమ్మల్ని దాటి పోయాయి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చి పడింది. ఈ చేపలకు గుడ్లు పెట్టించే పద్ధతి పుస్తకంలో ఉంది. ఆడదానికి సూదిమందు ఇచ్చి గుడ్లు పిండుకోవచ్చు, అది బతుకుతుంది. మగదానికి ఆ అదృష్టం లేదు. దాని పొట్ట కోస్తేనే లోపలి సరుకు చేతికి వస్తుంది. పద్ధతి ప్రకారం సామాన్లన్నీ బల్ల మీద సర్దాం. చిన్న కత్తి తళతళలాడుతోంది.

డ్రైవరు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. జీవితంలో ఎన్ని వేల చేపలు తిన్నాడో లెక్కలేని మనిషి. "మేడం, అన్న మీసం తాకట్టు పెట్టి తెచ్చిన శాపను కోస్తరా?"

"పద్ధతి అదేనండీ."

"కోసినంక గుడ్లు పాడైతే?"

మేడం కత్తి వైపు చూసింది, తొట్టి వైపు చూసింది. తొట్టిలో వాడు తీరిగ్గా పైకొచ్చి గుటుక్కున గాలి మింగి కిందికి పోయాడు.

"కోస్తే ఒక్కసారే" అంది చివరికి. "బతికుంటే ఏటేటా. వాన పడ్డాక పొలంలో ఎలా కలుస్తాయో అలాగే కలవనిద్దాం. కానీ ఒకటండీ, వాన పడకపోతే గుడ్లూ లేవు, గుంటలూ లేవు. నిర్ణయం నాది కాబట్టి మాట నాకే పడుతుంది."

కత్తిని డబ్బాలో పెట్టేసింది. గుంట అంచుల్లో బొరియలు తవ్వించి, గడ్డి నాటించి, పది చేపలనూ అందులో వదిలాం. ఇక పని ఆకాశానిది.

ఆకాశం మా శాఖ ఉద్యోగి కాదు కదా. మృగశిర పోయింది, చినుకు లేదు. ఆరుద్ర పోయింది, చినుకు లేదు. పైనుంచి ఫోన్లు. "గుంటలు ఖాళీ చేస్తున్నారా?" "ఇంకో వారం చూద్దామండీ" అని మేడం. నేను మీసాన్ని దువ్వడం మానేశాను, పోయేదానికి సోకులెందుకని.

పునర్వసులో ఒక మధ్యాహ్నం పట్టపగలు చీకటి పడింది. వాన అంటే వాన కాదు. ఆకాశంలో ఎవరో చెరువు బోర్లించారు. మా ముగ్గురికీ పూనకం. వానలో ఎగిరాం. ఎగిరి, గుంట దగ్గరికి వెళ్లి చూస్తే అంచున పొడుగ్గా బురదలో ఒక గీత. గుంటలోంచి గట్టు మీదికి, గట్టు మీదినుంచి రోడ్డు మీదికి. దేవుడు పెంచిన లక్షణం గురించి ఇందాక చెప్పాను, మీరు నమ్మలేదు. మా పెళ్లికొడుకు ఊరేగింపుకు బయల్దేరాడు.

రోడ్డు మీద ధాన్యం లారీలు. మిల్లు గేటు ముందు నడిరోడ్డున, వానలో నల్లగా మెరుస్తూ, మోచేతులు ఆనించుకుంటూ వెళ్తున్నాడు, మిల్లులో పనున్నవాడిలాగా. నేను రెండు చేతులూ చాచి లారీ ముందు నిలబడ్డాను. లారీ ఆగింది. దాని వెనక లారీలు ఆగాయి. అలా ఆగుతూ ఆగుతూ వరస నల్గొండ దాకా పోయిందని చెప్పుకున్నారు, అంటే నేనే చెప్పాను.

లారీవాడు తల బయట పెట్టాడు. "ఏంది సారూ, ఎవలన్న మినిస్టరు వస్తుండా?"

"కాదు తమ్మీ, శాప పోతుంది."

"శాపకు ట్రాఫిక్ ఆపిన్రా!"

"గీ ఒక్కటే మిగిలింది తమ్మీ."

అతను ఒక్క క్షణం చూసి ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, వెనక లారీల వైపు తిరిగి "హారన్ కొట్టకుండ్రి, బెదురుతది" అని కేక పెట్టాడు. ఆ మనిషి పేరు అడగలేదని ఇప్పటికీ బాధ. డ్రైవరు చేప మీద గొడుగు పట్టాడు. వానలో చేపకు గొడుగెందుకని అడక్కండి, భక్తి అలాంటిది. నేను వంగి పట్టుకున్నాను. ముల్లు దిగింది. తేలు కుట్టిన మనిషి నా కేక విని తన నొప్పి మరిచిపోయేవాడు. అయినా వదల్లేదు. నాలుక మీద లేని పట్టు చేతికి ఉందని ఆ రోజే తెలిసింది.

గుంట చుట్టూ దోమతెర గుడ్డ కట్టాం. కొద్దిరోజులకు ఒక బొరియ దగ్గర వాడు కదలకుండా కాపలా ఉన్నాడు. గడ్డిపుల్లతో కదిపితే కొట్టడానికి వచ్చాడు. మేడం మోకాళ్ల మీద వంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బొరియ అంచున నల్లదారం ముక్కల్లాంటివి కదులుతున్నాయి. చూపు ఆనక నేను కళ్లజోడు తుడుచుకున్నాను. తుడిచినా ఆనలేదు, తడి కళ్లజోడు మీద కాదు. డ్రైవరు ఆ రోజు నుంచి మార్పు తినడం మానేశాడు. మిగతా చేపల ఊసు అతని దగ్గర ఎత్తకండి.

వానలు వెనకపట్టి వాగు నెమ్మదించాక, పిల్లలను డ్రమ్ముల్లో పెట్టుకుని ఆ ఊరికి పోయాం. మొదటి బకెట్ పెద్దమనిషి భార్యే పోసింది. నీళ్లలోకి చూస్తూ నిలబడింది. నా మీసం అప్పుడే విడిపించుకోవచ్చని ఆశపడ్డాను కానీ, ఆమె "మిరుగం రానీ" అంది.

నిజమే. అసలు గండం మిరుగమే. మళ్లీ వాగు ఎండుతుంది, మళ్లీ ఊరు దిగుతుంది. ఈసారి చేతిలో కొర్రమట్టలు లేవు. పోయిన ఏటి జాతర చూశాక పైవాళ్లు ఆ మాటెత్తితేనే ఉలిక్కిపడేవాళ్లు. మేడం వెళ్లి బతిమాలుదామంది. ఆ మిరుగం పొద్దున ముగ్గురం జీపులో వెళ్తుంటే ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదంటే చూడండి.

మడుగు దగ్గర జనం లేరు. దిగి, ముగించుకుని, ఇళ్లకు వెళ్లిపోయారనుకున్నాం. ఒడ్డున తుమ్మచెట్టు నీడలో పెద్దమనిషి భార్య ఒక్కతే పీట వేసుకుని, ఒళ్లో చీపురు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఊరేది అక్కా?"

"కోదాడ పోయిన్రు, రవ్వలు కొననీకె. మిరుగం నాడు శాప తినాలె గని, గీ మడుగుదే తినాలని యాడుంది? కన్నబిడ్డల లెక్క తెచ్చి పోసిన్రు, తింటరా అని అడిగిన. ఇద్దరు ముగ్గురు దిగుతమని వచ్చిన్రు." చీపురు కాస్త పైకెత్తి చూపించింది. "మళ్ల పోయిన్రు."

"మరి మీ ఆయన?"

"ఆయనే మొదలు వచ్చిండు."

నీళ్ల వైపు చూశాం. మడుగు మోకాలి లోతు కూడా లేదు. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు నడిమధ్యన నీళ్లు చీలి, మీసాలున్న చిన్న మూతి ఒకటి పైకొచ్చింది. గుటుక్. పోయింది. ఇంకోచోట ఇంకొకటి. గుటుక్. మేడం నా మోచెయ్యి పట్టుకుంది. లెక్కపెట్టబోయి మానేశాను. నా లెక్క ఎవరు నమ్ముతారు?

"సారూ, నీ మీసం నీకే" అంది ఆమె.

ఇప్పుడు మాట ప్రకారం చెప్పాలి. నడిచిన చేప నిజం. ఆగిన లారీలు నిజం, నల్గొండ దాకా కాకపోయినా మిల్లు మలుపు దాకా. ఐసుముక్క నిజం, గొడుగు నిజం, చీపురు నిజం. కల్పించింది మీసం. నాకు మీసం లేదు. ఎప్పుడూ లేదు. ఆ మిరుగం పెరట్లో బూడిద చేతులతో నిలబడి ఆమె "జామీను ఏంది?" అన్నప్పుడు నేను తడబడితే, అన్న మాట ఇది. "సారూ, నువ్వు సెప్పేటియి సగం అబద్ధాలని మా ఊరికి గూడ ఎర్కే. గీ ఒక్కటి నిజం సెయ్." చెప్పి, చేతులు కడుక్కుని, గంజు ఎత్తి నాకిచ్చింది.

రెండో మిరుగం నాడు మడుగు ఒడ్డున ఆమె అన్నది కూడా మీసం గురించి కాదు. "నిజమే సెప్పినవ్ సారూ" అంది.

సర్వీసు మొత్తంలో నన్ను ఎవరూ అనని మాట అది. ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పబోయాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచుదామని చూశాను. ఆ ఒక్కటి ఎంత లాగినా పెరగలేదు. ఉన్నంతలోనే ఉండిపోయింది. అందుకే దాని చోట మీసం పెట్టాను.